మందు కొట్టినా మచ్చ ఎందుకు ఆగదు? బీన్స్ బూజులు, వాటి ఎంజైములు

వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో బెంగళూరు మార్కెట్లకు వచ్చే బీన్స్ కాయల్ని కాస్త దగ్గరగా చూడండి. కొన్నిటి మీద గుండ్రటి మచ్చలుంటాయి. అంచు ఇటుక రంగులో కొంచెం ఉబ్బి ఉంటుంది, మధ్యభాగం నల్లబడి లోపలికి కుంగి ఉంటుంది. గాలిలో తేమ బాగా ఉంటే ఆ గుంటలో లేత గులాబీ రంగు జిగురు కూడా కనిపిస్తుంది. ఇది ఆంత్రాక్నోస్ తెగులు. కారణం కొలెటోట్రైకమ్ లిండెముతియానమ్ అనే శిలీంద్రం. జిగురులో ఉన్నవి దాని బీజాలు. ఇక ఆ గుంట సంగతి. శిలీంద్రానికి నోరు లేదు, కొరకలేదు. అది బయటికి వదిలిన ఎంజైములు, అంటే కోసి కరిగించే పని చేసే ప్రొటీన్లు, కాయ కండను కరిగిస్తేనే ఆ గుంట పడింది.

కోలారు, చింతామణి, చిక్కబళ్లాపురం వైపు బీన్స్ వేసే రైతుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. మందుల అంగడి దగ్గర వాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: "మందు కొట్టి నాలుగు దినాలాయె అన్నా, మచ్చ ఇంకా పెరుగుతానే ఉండాది. మందు డూప్లికేటా?" డూప్లికేట్ మందులు లేవని నేను అనను. కానీ అసలైన మందును సరిగ్గా కొట్టినా ఇలా జరగొచ్చు. మందు శిలీంద్రాన్ని ఏం చేస్తుంది అన్నది ఒక ప్రశ్న. ఆ శిలీంద్రం తయారుచేసే ఎంజైముల్ని ఏం చేస్తుంది అన్నది ఇంకో ప్రశ్న. రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల పొలంలోనూ, ల్యాబ్ రిపోర్టులు చదివేటప్పుడూ చాలా పొరపాట్లు జరుగుతున్నాయని నా అభిప్రాయం.

ముందు ఎంజైములు చేసే పని చూద్దాం. మొక్క పైన క్యూటిన్ అనే మైనం లాంటి పొర ఉంటుంది. దాని కింద కణాలు. ప్రతి కణానికీ సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, పెక్టిన్ కలిసిన గోడ. పక్కపక్క కణాల్ని అంటించి ఉంచేది ముఖ్యంగా పెక్టిన్, దానికి గట్టిదనం ఇచ్చేది కాల్షియం. ఇటుకల మధ్య సున్నం ఎలాగో, కణాల మధ్య పెక్టిన్ అలాగ. సున్నం రాలిపోతే ఇటుకలు బాగున్నా గోడ నిలవదు. కుళ్లిన కాయ వేలితో నొక్కితే మెత్తగా జారిపోయేది అందుకే.

శిలీంద్రం ఈ పొరల్ని ఒక వరుసలో తెరుస్తుంది. క్యూటినేజ్ పై పొరను పలచబరుస్తుంది. పెక్టిన్ మీదికి రెండు మూడు రకాలు వస్తాయి. పాలీగలాక్టురొనేజ్ పెక్టిన్ గొలుసును ముక్కలు చేస్తుంది, పెక్టిన్ మిథైల్ ఎస్టరేజ్ ఆ గొలుసుకు అంటుకుని ఉన్న మిథైల్ గుంపుల్ని తీసేసి కోతకు సిద్ధం చేస్తుంది, లయేజ్‌లు ఇంకో పద్ధతిలో కోస్తాయి. హెమీసెల్యులోజ్‌ను కోసే జైలనేజ్, సెల్యులోజ్‌ను కోసే సెల్యులేజ్ ఆ తర్వాతి వంతు. శిలీంద్రాన్ని ల్యాబ్‌లో మొక్క కణగోడల మీదే పెంచి చూసినప్పుడు కూడా ముందుగా పెక్టిన్ ఎంజైములే వస్తాయి, సెల్యులోజ్‌వి వెనక వస్తాయి. అందుకే బీన్స్ తెగుళ్ల పరిశోధనల్లో పాలీగలాక్టురొనేజ్ పేరు అంతగా వినిపిస్తుంది.

అన్ని బూజులూ ఒకేలా పనిచేయవు. ఆంత్రాక్నోస్ శిలీంద్రం చాలా ఓపిక గలది. ఆకు మీద పడిన బీజం మొలిచి, మెలనిన్‌తో నల్లబడ్డ చిన్న బుడిపె కట్టి, ఆ బుడిపెలో పెరిగిన ఒత్తిడితో పై పొరను పొడుచుకుని లోపలికి దిగుతుంది. తర్వాత కొన్ని రోజులు బతికున్న కణాల్లోనే మచ్చ పడకుండా ఉంటుంది. ఆపైన పద్ధతి మార్చి, సన్నటి పోగులు పంపి, ఎంజైముల్ని పెద్ద ఎత్తున వదులుతుంది. మనకు మచ్చ కనిపించేది అప్పుడు. అంటే మచ్చ కనబడే సరికే లోపల సగం పని అయిపోయి ఉంటుంది. బెంగళూరు చుట్టుపక్కల చల్లటి రాత్రులు, మంచు తడి ఈ శిలీంద్రానికి బాగా సరిపోతాయి. దానికి 17 డిగ్రీల నుంచి 24 డిగ్రీల మధ్య వాతావరణం హాయి. సంక్రాంతి ముందు మనం ఇష్టంగా కొనే అనపకాయల్ని (కన్నడలో అవరెకాయ) కూడా ఇది వదలదు.

మొదలుకుళ్లు తెచ్చే స్క్లెరోషియం రోల్ఫ్సి తీరు వేరు. నేల మట్టంలో కాండం చుట్టూ తెల్లటి బూజు, అందులో ఆవగింజంత గోధుమ రంగు గుండ్లు కనిపిస్తే అదే. ఇది ఎంజైముతో పాటు ఆక్సాలిక్ యాసిడ్ కూడా వదులుతుంది. 1965లో బేట్‌మన్, బీర్ అనే శాస్త్రవేత్తలు బీన్స్ మొలకల మీద పనిచేసి ఈ రెండూ ఒకదానికొకటి ఎలా సాయపడతాయో చూపించారు. యాసిడ్ మొక్క కణజాలాన్ని పుల్లబరుస్తుంది, ఆ పులుపులో పాలీగలాక్టురొనేజ్ చురుగ్గా పనిచేస్తుంది. అదే యాసిడ్ పెక్టిన్‌ను గట్టిగా పట్టి ఉంచిన కాల్షియాన్ని లాగేసుకుంటుంది, దాంతో కోత ఇంకా తేలికవుతుంది. ఇలాంటి శిలీంద్రం మీద మందు పనిచేసిందా లేదా అని ఎంజైము ఒక్కటే కొలిచి తేల్చడం కుదరదు. ఎంజైము సగమే ఉన్నా యాసిడ్ నిండుగా ఉంటే మొలక పడిపోతుంది.

బీన్స్ మొక్క కూడా చేతులు కట్టుకుని కూర్చోదు. 1971లో ఆల్బర్‌షైమ్, ఆండర్సన్ బీన్స్ కణగోడల్లో ఒక ప్రొటీన్‌ను గుర్తించారు. అది శిలీంద్రం పంపిన పాలీగలాక్టురొనేజ్‌కు అతుక్కుని దాని వేగాన్ని తగ్గిస్తుంది. వాళ్లు పరీక్షకు తీసుకున్న శిలీంద్రాల్లో మన ఆంత్రాక్నోస్‌ది కూడా ఉంది. ఆ ప్రొటీన్ వల్ల ఇంకో లాభం ఉందని తర్వాత తెలిసింది. ఎంజైము పూర్తి వేగంతో కోస్తే పెక్టిన్ చిన్న చిన్న చక్కెరలుగా విడిపోయి శిలీంద్రానికి మేతవుతుంది. నెమ్మదిగా కోస్తే పది పదిహేను కొక్కేలున్న పొడుగు ముక్కలు కొంతసేపు మిగులుతాయి. ఆ ముక్కల్ని మొక్క ప్రమాద సూచనగా గుర్తుపట్టి, ఫేసియోల్లిన్ వంటి, శిలీంద్రానికి విషమయ్యే పదార్థాల్ని తయారుచేసుకుంటుంది. కాబట్టి ఎంజైమును కాస్త నెమ్మదింపజేసినా మొక్కకు పెద్ద సాయమే. మందు విషయంలో ఈ మాట ముఖ్యం. శిలీంద్రాన్ని పూర్తిగా చంపలేకపోయినా, ఎంజైము రాకను కొన్ని గంటలు వెనక్కి నెట్టగలిగితే మిగతాది మొక్కే చూసుకునే అవకాశం ఉంది.

మరి మందు ఎంజైమును ఎక్కడ పట్టుకుంటుంది? ఎంజైము తయారీకి చాలా మెట్లున్నాయి. ముందు శిలీంద్రం పెక్టిన్ తాలూకు చిన్న ముక్కల్ని పసిగట్టాలి. దగ్గర్లో గ్లూకోజ్ లాంటి తేలికైన చక్కెర దొరుకుతుంటే చాలా ఎంజైముల జన్యువులు మూసుకునే ఉంటాయి, అది అయిపోయాక తెరుచుకుంటాయి. తర్వాత ప్రొటీన్ తయారవ్వాలి, దానికి శక్తి కావాలి. తయారైన ప్రొటీన్‌ను చిన్న సంచుల్లో నింపి పోగు కొసదాకా మోసుకెళ్లాలి. కొస దగ్గర పొరను దాటించి బయటికి వదలాలి. ఒక్కో మందు ఒక్కో మెట్టు మీద పడుతుంది.

మ్యాంకోజెబ్ ఆకు పైనే ఉండే మందు, లోపలికి పోదు. బీజం లోపల గంధకం ఉన్న గుంపులతో పనిచేసే రకరకాల ప్రొటీన్లను ఒకేసారి దెబ్బతీస్తుంది. బీజం మొలవదు. మొలవని బీజం నుంచి ఎంజైము వచ్చే ప్రసక్తే లేదు. అయితే శిలీంద్రం ఒకసారి ఆకు లోపలికి దిగిపోతే అది మ్యాంకోజెబ్‌కు అందదు.

కార్బెండజిమ్ మొక్క లోపలికి పోయి నీటితో పాటు పైకి పాకుతుంది. శిలీంద్ర కణాల్లో ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుని, సన్నటి గొట్టాలు కట్టనివ్వదు. కణకేంద్రం విడిపోవాలంటే ఆ గొట్టాలు కావాలి. ఎంజైము సంచులు పోగు కొసకు ప్రయాణం చేసే దారుల్లో కూడా అవే గొట్టాలు ఉన్నాయి. అంటే ఈ మందు పెరుగుదలనూ, రవాణానూ రెండింటినీ తాకుతుంది. దీని బలహీనత కూడా అక్కడే. ట్యూబ్యులిన్‌లో 198వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే మందు అతుక్కోదు. అలా మారిన శిలీంద్రం మందు తడిలో కూడా మామూలుగా పెరిగి, మామూలుగానే ఎంజైములు వదులుతుంది.

టెబుకొనజోల్, హెక్సాకొనజోల్ వంటి అజోల్‌లు ఎర్గోస్టెరాల్ తయారీని ఆపుతాయి. అది శిలీంద్రం పొరలకు అవసరమైన కొవ్వు పదార్థం. బీజంలో ముందే కొంత నిల్వ ఉంటుంది కాబట్టి అజోల్ తగిలినా బీజం మొలుస్తుంది. నిల్వ అయిపోయాక గానీ పోగు వంకరపోయి ఆగదు. ఆ మధ్య సమయంలో కొంత ఎంజైము బయటపడుతుంది. స్ట్రోబిల్యురిన్‌లు, 1966లో వెలుగులోకి వచ్చిన కార్బాక్సిన్ కుటుంబం శ్వాసక్రియ మీద పడతాయి. శక్తి లేనిదే ప్రొటీన్ లేదు, ప్రొటీన్ లేనిదే ఎంజైము లేదు. వీటి గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది పైరిమెథనిల్, సైప్రొడినిల్, మెపానిపైరిమ్ ఉన్న గుంపు. ఇవి బూడిద రంగు బూజు తెచ్చే బోట్రైటిస్ సినీరియా మీద వాడేవి. ఆ బూజు బీన్స్ పువ్వుల్నీ, కాయల్నీ కూడా పట్టుకుంటుంది. 1990లలో ఈ మందుల్ని పరిశీలించినవాళ్లకు ఒక వింత కనిపించింది. బీజాలు మొలుస్తున్నాయి. శిలీంద్రం ఆకు మీద ఉంది. కానీ మచ్చ విస్తరించడం లేదు. శిలీంద్రాన్ని పెంచిన ద్రావణాన్ని వడకట్టి చూస్తే పెక్టిన్‌ను కోసే ఎంజైములూ, ప్రొటీన్‌ను కోసే ఎంజైములూ బాగా తగ్గిపోయాయి. వాటిని బయటికి పంపే దారే మూసుకుపోయిందని పరిశోధకులు తేల్చారు. శిలీంద్రం ఉంది, కానీ మొక్కను జీర్ణం చేసుకునే శక్తి పోయింది. ఈ మందుల అసలు గురి ఏమిటన్నది చాలా ఏళ్లు తేలలేదు. మెథియొనిన్ అనే అమైనో ఆమ్లం తయారీ అని ఒకప్పుడు అనుకున్నారు. 2017లో వచ్చిన పరిశోధన కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాల వైపు చూపించింది. గురి ఏదైనా, చంపకుండానే ఎంజైమును ఆపడం సాధ్యమని ఈ గుంపు చూపించింది.

ఎంజైము ఒక్కదాన్నే నేరుగా ఆపితే చాలదా అని కూడా ప్రయత్నించారు. కేరళలో పుట్టి అమెరికాలో పనిచేసిన శాస్త్రవేత్త కొలత్తుకుడి బృందం 1979లో బఠానీ మీద వచ్చే ఫ్యుజేరియం తీసుకుని, క్యూటినేజ్‌ను అడ్డుకునే రసాయనాలతో తెగులును ఆపగలిగింది. చాలా ఆశలు పుట్టాయి. తర్వాత 1990లలో అదే శిలీంద్రంలో క్యూటినేజ్ జన్యువును తీసేసి చూస్తే, ఒక ల్యాబ్‌లో తెగులు తగ్గింది, ఇంకో ల్యాబ్‌లో ఏమీ తగ్గలేదు. ఒక ఎంజైము పోతే ఆ పనిని ఇంకొకటి అందుకుంటుంది. అందుకే ఒక్క ఎంజైము అంకె చూపించి మందు గొప్పదనం చెప్పే ప్రకటనల్ని నేను నమ్మను.

ఇక ల్యాబ్‌లో దీన్ని ఎలా కొలుస్తారో తెలిస్తే రిపోర్టు చదవడం సులువు. జాపెక్ ద్రావణం అనే ఉప్పుల నీళ్లు తీసుకుంటారు. అందులో చక్కెర తీసేసి దాని బదులు పెక్టిన్ గానీ, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ గానీ వేస్తారు. శిలీంద్రం బతకాలంటే దాన్ని కరిగించుకోవడం తప్ప వేరే దారి ఉండదు. ఫ్లాస్కుల్లో పోసి, కొన్నిటికి మందును వేర్వేరు పీపీఎంలలో (పది లక్షల పాళ్లకు ఇన్ని పాళ్లు అనే లెక్కలో) కలిపి, శిలీంద్రం ముక్క వేసి వదిలేస్తారు. కొన్ని రోజుల తర్వాత వడకడితే పైన బూజు చాప మిగులుతుంది, కిందికి దిగిన నీళ్లలో ఎంజైములుంటాయి. చాపను ఆరబెట్టి తూకం వేస్తారు.

నీళ్లలో ఎంజైము ఎంతుందో రెండు పద్ధతుల్లో చూస్తారు. మొదటిది విస్కోమీటర్, అంటే మధ్యలో సన్నటి దారి ఉన్న గాజు గొట్టం. చిక్కటి పెక్టిన్ ద్రావణాన్ని అందులో పోస్తే రెండు గీతల మధ్య దిగడానికి చాలాసేపు పడుతుంది. ఎంజైమున్న నీళ్లు కొంచెం కలిపి మళ్లీ చూస్తే త్వరగా జారిపోతుంది. గొలుసు మధ్యలో తెగిందన్నమాట. స్టాప్‌వాచ్ పట్టుకుని ఆ తేడా చూస్తుంటే కుళ్లు అనే మాటకు అర్థం కళ్లకు కడుతుంది. రెండోది డైనైట్రోసాలిసిలిక్ యాసిడ్ పరీక్ష. తెగిన ముక్కల కొసల దగ్గర ఉండే చక్కెరలతో కలిపి మరిగిస్తే పసుపు ద్రావణం ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత ముదిరితే కోత అంత ఎక్కువ.

చిక్కంతా ఆ అంకెను చదవడంలోనే ఉంది. ఊహకు ఒక లెక్క వేద్దాం. మందు వేయని ఫ్లాస్కులో 200 మిల్లీగ్రాముల బూజు, 100 యూనిట్ల ఎంజైము ఉన్నాయనుకోండి. మందు వేసిన ఫ్లాస్కులో 50 మిల్లీగ్రాములు, 40 యూనిట్లు. మొత్తం మీద ఎంజైము 60 శాతం తగ్గింది, రిపోర్టులో కూడా అలాగే రాస్తారు. కానీ మిల్లీగ్రాముకు లెక్కిస్తే 0.5 యూనిట్ నుంచి 0.8కి పెరిగింది. అంటే మందు బూజు పెరుగుదలను కుదించింది, ఎంజైము తయారీని కాదు. బతికిన కొద్ది బూజు మునుపటి కంటే ఎక్కువ ఎంజైము వదులుతోంది. పైరిమెథనిల్ లాంటి వాటిలో దీనికి తలకిందులైన చిత్రం కనిపిస్తుంది. బూజు బరువులో తేడా తక్కువ, బయటి ఎంజైములో తేడా ఎక్కువ. కాబట్టి బూజు బరువు రాయని ఎంజైము రిపోర్టు సగం రిపోర్టే. కణాల లోపల మిగిలిన ఎంజైమును కూడా కొలిస్తే తయారీ ఆగిందా, రవాణా ఆగిందా అన్నది తేలుతుంది. మందుల పోలికకు అగార్ అనే జెల్లీ పోసిన ప్లేటు మీద బూజు ఎంత వెడల్పు పెరిగిందో చూడటమే మన దగ్గర ఇప్పటికీ ఎక్కువ. అది అవసరమే, కానీ కాయ మీద మచ్చ ఎంతవుతుందో ఆ వెడల్పు ఒక్కటే చెప్పలేదు.

తక్కువ మోతాదు ప్రమాదం ఇక్కడే అర్థమవుతుంది. చైనాలో స్క్లెరోటినియా అనే తెల్లబూజు మీద 2010లలో జరిగిన ప్రయోగాల్లో, చంపడానికి చాలనంత కొంచెం కార్బెండజిమ్ తగిలిన కొన్ని రకాలు మామూలు కంటే పెద్ద మచ్చలు చేశాయి. అదే తెల్లబూజు బీన్స్‌కు కూడా శత్రువే. పొలంలో తక్కువ మోతాదు పడటానికి ఎవరూ కావాలని తప్పు చేయనక్కర్లేదు. డబ్బు కలిసొస్తుందని ఒక ట్యాంకు మందును రెండు ట్యాంకుల నీళ్లకు సర్దడం, ఆకు అడుగు తడవకుండా పైపైన కొట్టడం, కొట్టిన గంటకు వాన పడటం, ఇవి చాలు. సగం మందు వేస్తే సగం తెగులు తగ్గుతుందన్న లెక్క శిలీంద్రాల దగ్గర చెల్లదు. పైగా సగం చచ్చి సగం బతికిన గుంపులోంచే మందుకు లొంగని రకం పైకొస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. మందు కొట్టాక కూడా మచ్చ ఎందుకు పెరిగింది? ఒకటి, మచ్చ కనబడే సరికే శిలీంద్రం లోపల చాలా దూరం పాకి ఉంటుంది. రెండు, అప్పటికే బయటికొచ్చిన ఎంజైము ఒక ప్రొటీన్, దానికి ప్రాణం లేదు. ట్యూబ్యులిన్‌ను పట్టే మందూ, ఎర్గోస్టెరాల్‌ను ఆపే మందూ దాన్నేమీ చేయలేవు. కరిగించేంత పెక్టిన్ దొరికినంతసేపు అది పని చేస్తూనే ఉంటుంది. కాబట్టి మందు పనిచేసిందా అని చూడాల్సింది పాత మచ్చల్ని కాదు, కొత్తగా వచ్చిన ఆకుల్నీ, పిందెల్నీ. అవి శుభ్రంగా ఉంటే మందు పని చేసినట్టే. పాత మచ్చ ఇంకా పెరుగుతోందన్న టెన్షన్‌తో రెండో రోజే ఇంకో మందు కొట్టడం వల్ల ఖర్చూ, కాయలో మిగిలే మందూ పెరుగుతాయి తప్ప ఇంకేం రాదు.

కోసి బస్తాలో కుక్కిన తర్వాత వచ్చే కుళ్లు సంగతి కొంచెం వేరు. రాత్రంతా టెంపోలో వచ్చిన బస్తా విప్పితే మధ్యలో ఒక గుత్తి కాయలు తెల్లటి దూది లాంటి బూజుతో అతుక్కుపోయి, నీరు కారుతూ ఉంటాయి. చాలాసార్లు అది పిథియం. పిథియం అసలు శిలీంద్రమే కాదు, ఆల్గేలకు దగ్గరి జాతి. కార్బెండజిమ్ దాని మీద పనిచేయదు, మెటలాక్సిల్ లాంటివి పనిచేస్తాయి. పెక్టిన్ ఎంజైములు దానికీ ఉన్నాయి, తడి, వేడి తగిలితే అది ఒక్క రాత్రిలో పక్క కాయలకు పాకుతుంది. ఇక్కడ మందు కంటే కాయల్ని తడి ఆరాక కోయడం, నేలకు తగిలిన కాయల్ని వేరు చేయడం, చల్లగా తరలించడం ఎక్కువ పనిచేస్తాయి.

పొలంలో ఏం చేయాలన్నది ఇదంతా చూశాక తేలికగానే తెలుస్తుంది. ఆంత్రాక్నోస్ విత్తనంతో వస్తుంది, కాబట్టి మచ్చ ఉన్న కాయ నుంచి విత్తనం దాచకూడదు, విత్తనశుద్ధి మానకూడదు. మ్యాంకోజెబ్ లాంటి పైపూత మందు తెగులు రాకముందు, చలీ తడీ మొదలవుతుండగా కొట్టాలి. లోపలికి పోయే మందుల్లో ఒకే కుటుంబం మందును వరుసగా వాడకూడదు. సాఫ్ పేరుతో దొరికే మందులో 12 శాతం కార్బెండజిమ్, 63 శాతం మ్యాంకోజెబ్ కలిపి ఉంటాయి. అది వాడాక మళ్లీ ఇంకో పేరుతో కార్బెండజిమ్ కొంటే మందు మార్చినట్టు కాదు, డబ్బా మార్చినట్టు. లేబుల్ మీద మీ పంట పేరుందా, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలి అన్నవి చదివి, అర్థం కాకపోతే హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థలో గానీ, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో (జీకేవీకే) గానీ అడగండి. మచ్చ పడ్డ కాయను పట్టుకెళ్తే ఏ బూజో చూసి చెబుతారు.

ట్రైకోడెర్మా వాడేవాళ్లకు ఇంకొక్క మాట. అది కూడా శిలీంద్రమే, దాని పనీ ఎంజైములతోనే. కైటినేజ్, గ్లూకనేజ్‌లు వదిలి రైజోక్టోనియా, స్క్లెరోషియం వంటి తెగులు శిలీంద్రాల గోడల్ని కరిగిస్తుంది. కార్బెండజిమ్‌కు ట్రైకోడెర్మా చాలా సులువుగా లొంగిపోతుంది. రెండింటినీ ఒకే విత్తనానికి పట్టిస్తే, డబ్బు పెట్టి కొన్న మంచి శిలీంద్రం ఎంజైముల్ని మనమే ఆపినట్టవుతుంది. విత్తనానికి ట్రైకోడెర్మా పట్టించే ఉద్దేశం ఉంటే కార్బెండజిమ్‌ను దానికి దూరంగా ఉంచాలి. ఇప్పటికే కార్బెండజిమ్ పట్టించిన విత్తనమైతే, ట్రైకోడెర్మాను బాగా చివికిన పశువుల ఎరువులో పెంచి విత్తడానికి ముందే సాళ్లలో నేలకు వేసుకోవాలి.